సుద్దకొండల మీద సైకిలు

మా బావ కనకయ్య నడిస్తే కుంటుతాడు. సైకిలెక్కితే ఆ కుంటు ఎటు పోతుందో తెలియదు.

ఆయనది అక్కన్నపేట మండలం. పాతికేళ్ళ వయసు దాకా తాటిచెట్లు ఎక్కి కల్లు గీశాడు. ఒక వానాకాలం చెట్టు మీది నుంచి పడ్డాడు. విరిగిన తుంటి అతికింది గాని ఆ కాలు పొట్టిదైపోయింది. ఇక చెట్టు ఎక్కలేక డ్రైవింగు నేర్చుకుని దుబాయి పోయాడు, అక్కడి నుంచి ఇంగ్లండు. ఇప్పుడు మా అక్క సుగుణా ఆయనా సౌతాంప్టన్ అనే రేవుపట్నంలో ఉంటున్నారు. బావ లారీ నడుపుతాడు. నేను సిద్దిపేటలో ఉంటూ మద్దూరు బడిలో సాంఘికశాస్త్రం చెబుతాను.

పోయిన ఎండాకాలం సెలవులకు ముందు బావ ఫోను చేశాడు.

"పోరగాండ్లకు గోడ మీది మ్యాపుల ఇంగ్లండు చూపెడ్తవ్ గదా శీనూ. ఒక్కపారి వచ్చి తొక్కి చూడు."

తొక్కడమంటే ఆ నేల మీద అడుగు పెట్టడమే అనుకుని సరేనన్నాను. అక్కడికి పోయాక బావ ఇంటి వెనుక షెడ్డు తలుపు తీస్తే గాని అసలు సంగతి అర్థం కాలేదు. లోపల రెండు మౌంటెన్ బైకులున్నాయి. బుడిపెల టైర్లు, ముందు చక్రానికి స్ప్రింగు గొట్టాలు, గిన్నంత హెల్మెట్లు. నేను సైకిలు తొక్కింది ఇంటర్ చదివే రోజుల్లో.

"వించెస్టర్ల ఎక్కుడు, సముద్రం కాడ దిగుడు," అన్నాడు బావ. "నడుమ అంత గుట్టలు, అడవి. నాలుగొద్దుల పని."

అక్క ఒక సంచిలో పులిహోర, తాను చుట్టిన సకినాలు సర్ది నా వీపుకు తగిలించింది. బావ చక్రాలకు గాలి కొడుతుంటే నన్ను పక్కకు పిలిచింది.

"సైకిలెక్కితే ఆయనకు కాలు సంగతి యాదికుండది తమ్మీ. నువ్వన్న యాది పెట్టుకో."

వించెస్టర్ దాటాక

దక్షిణ ఇంగ్లండులో కొండల వీపు మీదుగా తూర్పుకు పోయే పాత బాట ఇది. సౌత్ డౌన్స్ వే అంటారు. ఒకప్పుడు గొర్రెల మందలు నడిచిన తోవ. ఇప్పుడు నడిచేవాళ్ళు, గుర్రాల వాళ్ళు, సైకిళ్ళ వాళ్ళు వాడుకుంటున్నారు. చాలామట్టుకు కార్లు రావు.

ఊరు దాటిన కాసేపటికే బాటకు అడ్డంగా ఒక చెక్క గేటు వచ్చింది. గేటు అవతల మోకాలెత్తు గోధుమ చేను. నేను బ్రేకు వేసి దిగాను.

"ఏంది, ఆగినవ్?"

"ఎవరిదో చేను బావా."

"చేను ఆయనది, బాట అందరిది. దా."

బావ సైకిలు మీది నుంచి దిగకుండానే గేటు గొళ్ళెం తీసి, లోపలికి పోయి, నేను వచ్చాక మళ్ళీ మూసి గొళ్ళెం వేశాడు. చేను నడుమ నుంచి తెల్లటి సన్నని దారి పాపిటిలా పోతోంది. అటూ ఇటూ ఒక్క కంకి తొక్కిన జాడ లేదు. ఆ దారి ఎన్ని తరాల నుంచో ఉందట. భూమి ఎవరి చేతులు మారినా దారి మూసేసే హక్కు ఎవరికీ లేదట. మా దిక్కు పక్కవాడి గెట్టు మీద సైకిలు పెడితే పొద్దుగూకేలోపు పంచాయితీ. ఇక్కడ నేను ముక్కూ మొహం తెలియని మనిషి గోధుమల్లోంచి పోతున్నాను. దూరంగా ట్రాక్టరు మీదున్న ఆ మనిషి చెయ్యెత్తి పలకరించాడు. నేను తిరిగి చెయ్యెత్తబోయి చేనులో పడ్డాను. ఆయన ట్రాక్టరు ఆపి, నేను లేచి నిలబడేదాకా చూసి, మళ్ళీ నడుపుకుంటూ పోయాడు.

గుట్ట అంటే మనకు బండ. బండ మీద బండ, నడుమ ముళ్ళచెట్లు. ఈ గుట్టలకు ఒక్క బండ లేదు. పడుకున్న ఆవుల వీపుల్లాగా ఒకదాని వెనుక ఒకటి నున్నగా లేస్తాయి, పచ్చగడ్డి కప్పుకుని. నేల కింద ఉన్నదంతా సుద్ద. మా బళ్ళో నేను రోజూ అరగదీసే సుద్దముక్క లాంటిదే, కొండలకు కొండలు. పైన ఎక్కడో కంటికి కనబడని పిట్ట ఒకటి ఆపకుండా పాడుతూనే ఉంది. మెడ నొప్పి పుట్టేదాకా వెతికాను, దొరకలేదు.

ఒక ఇంటి ముందు స్టూలు మీద కోడిగుడ్లు పెట్టి ఉన్నాయి, పక్కన రేకు డబ్బా. ఆరు గుడ్లకు ఒక పౌండు యాభై, డబ్బాలో వేసి పొమ్మని అట్టముక్క మీద రాసి ఉంది. మనిషి లేడు. పచ్చి గుడ్లు కొన్నా వండుకునే దారి లేక డబ్బాను చూసి ముందుకు సాగాం.

బీచ్ అడవి

ఎక్కేటప్పుడు ఆయాసం, దిగేటప్పుడు భయం. ప్రతి దిగుడులో నేను సైకిలు దిగి నడిపించుకుంటూ వచ్చేవాణ్ణి. బావ కింద చెట్టుకు ఆనుకుని ఎదురుచూసేవాడు.

"చేతులు బిగవట్టకు. సైకిలుకు తెలుసు ఎట్ల పోవాల్నో. నువ్వు ఊకె దాని మీద ఉండు."

"నువ్వు పో బావా. నేను వస్తా."

పొద్దు వాలే వేళకు అడవిలోకి దిగాం. బీచ్ అనే చెట్ల అడవి, సముద్రం బీచ్ కాదు. మొదళ్ళు ఏనుగు కాళ్ళలా నున్నగా, బూడిద రంగులో ఉన్నాయి. ఆకులు అప్పుడే విచ్చినవి, ఎండ వాటిలోంచి వడపోసినట్టు దిగుతోంది. వెలుతురే పచ్చగా ఉంది. మా చేతులు, సైకిళ్ళు, బావ తెల్ల అంగీ, అన్నీ పచ్చబడ్డాయి. ఒక మలుపు తిరిగేసరికి నేలంతా నీలం. నీళ్ళనుకున్నాను. దగ్గరికి పోతే పూలు. బ్లూబెల్స్ అంటారు. జానెడు కాడకు చిన్న చిన్న గంటల్లా వేలాడుతున్నాయి. చెట్ల నడుమ కనుచూపు మేరా అవే, నేల కనబడకుండా. సన్నని తీయని వాసన. ఎవరూ నాటలేదట. ఏటా నాలుగు వారాలు పూసి పోతాయట.

ఇద్దరమూ సైకిళ్ళు దిగి నిలబడ్డాం. బావ పూలు వదిలేసి ఒక చెట్టు మొదలు నిమురుతూ తల పైకెత్తి చూస్తున్నాడు.

"గిసొంటి దానికి మోకు తిరుగది," అన్నాడు. మోకు అంటే చెట్టుకూ నడుముకూ కలిపి చుట్టుకునే తాడు. "ఇద్దరు మనుషులు చేతులు పట్టుకున్నా అందది. ఎవలు ఎక్కి ఉండరు. పుట్టినకాడికెంచి ఎవలు ఎక్కలే దీన్ని."

ఆ రాత్రి బస చేసిన పల్లెలో పబ్బుకు పోయి తిన్నాం. గడప బయట బురద బూట్లు వరుసగా విడిచి ఉన్నాయి, మన పెళ్ళిపందిరి ముందులా. అందరూ లోపల మేజోళ్ళతో తిరుగుతున్నారు. మా బల్ల కింద ఎవరిదో ముసలి కుక్క పడుకుంది. వేయించిన చేప, ఆలుగడ్డ ముక్కలు తెచ్చి వాటి మీద పుల్లటి వెనిగర్ చల్లుకోమన్నారు. బావ సంచిలోంచి కారప్పొడి తీసి దాని మీద చల్లాడు. పక్క బల్ల మీది పెద్దాయన అదేమిటని అడిగి, కొంచెం రుచి చూసి, మంచినీళ్ళు తాగి, మళ్ళీ కొంచెం అడిగాడు.

నల్లా దగ్గర

మర్నాడు పొద్దున సన్న తుంపర. ఆ బాట వెంట అక్కడక్కడా తాగేనీళ్ళ నల్లాలుంటాయి. అలాంటి ఒక నల్లా దగ్గర హెలెన్ కలిసింది. అరవై దాటిన మనిషి. పొట్టి నెరిసిన జుట్టు, ఎర్ర హెల్మెట్. చిన్న పూలమొక్కల తోట నడుపుతుందట. భర్తకు సైకిలంటే పడదట, అందుకే ఒక్కదాన్నే తిరుగుతానంది. నేను సకినాలు పెట్టాను. కొరికి చూసి, చక్రంలా చుట్టిన ఆ ఆకారాన్ని తిప్పి చూసి, చేత్తోనే చుడతారా అని అడిగింది.

"చేతితోనే. మా అక్క ఒక్కో దానికి నాలుగు చుట్లు తిప్పుతుంది."

"ఇలాంటి చేతులున్న మనిషి సైకిలు మీద రాలేదేం?"

బావ నవ్వాడు. "ఆమె నా వెనుక కూసుంటనన్నది. దీని మీద వెనుక సీటు లేదు."

పోయే ముందు ఆమె మా టైర్లు నొక్కి చూసి నాతో అంది, "తడిసిన సుద్ద మీద ముందు బ్రేకు వేయకండి. సబ్బు మీద కాలు పెట్టినట్టే ఉంటుంది."

తర్వాత మమ్మల్ని దాటుకుని ఎర్ర చుక్కలా ఎత్తెక్కి మాయమైంది. నాకంటే పెద్దది. ఆమె వీపు చూస్తూ నేను సిగ్గుతో నాలుగు తొక్కులు గట్టిగా తొక్కాను.

అడవిలో హెలెన్

మధ్యాహ్నం దాటాక మళ్ళీ దట్టమైన అడవి. వాన వెలిసింది గాని చెట్ల మీది నుంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. ఒక ఏటవాలు దిగుడులో ఎప్పటిలాగే నేను సైకిలు నడిపించుకుంటూ వస్తున్నాను. ముందు పోయిన బావ ఆగిపోయి ఉన్నాడు. ఆయన చూస్తున్న వైపు బాట అంచు కింద, నీలం పూల నడుమ, ఒక సైకిలు చక్రం పైకి లేచి ఉంది. దానికి రెండు బారల దూరంలో ఎర్ర హెల్మెట్.

హెలెన్ పక్కకు ఒరిగి పడి ఉంది. స్పృహలోనే ఉంది. పెదవులు తెల్లబడ్డాయి.

"వేరు మీద జారింది," అంది. "నడుము. ఎడమ కాలు తెలియడం లేదు నాకు."

నేను సైకిలు పడేసి గట్టు దిగి, రెండు చేతులూ ఆమె చంకల కిందికి పోనిచ్చాను. పడిన మనిషిని లేపడానికి చేతులు వాటంతటవే పోయాయి.

"ముట్టకు శీనూ."

బావ అంత గట్టిగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. చేతులు వెనక్కి తీసుకున్నాను. ఆయన గట్టు మీది నుంచి జారుకుంటూ వచ్చాడు. ఆ తుంటితో గొంతుక్కూర్చోలేడు. అందుకని బురదలోనే బోర్లా పడుకుని, తన ముఖం ఆమె ముఖానికి ఎదురుగా పెట్టి, హెల్మెట్టుకు అటూ ఇటూ రెండు అరచేతులూ ఆనించాడు.

"మేడం, కదలొద్దు. తల అసలే కదలొద్దు. నన్నే చూడు."

బావ ఇంగ్లీషు కూడా అక్కన్నపేట యాసలోనే ఉంటుంది. ఆమెకు అర్థమైంది. నా వానకోటు తీసి ఆమె మీద కప్పాను. ఫోను చూశాను. బావది, హెలెన్‌ది కూడా చూశాను. ఆ లోయలో దేనికీ సిగ్నల్ లేదు.

"కిందికి పో," అన్నాడు బావ కళ్ళు ఆమె మీది నుంచి తిప్పకుండా. "తోవ పోయే ఊరు ఉంటది. నడవకు. తొక్కు."

ఎక్కాను.

ఆ దిగుడు గురించి నాకు ముక్కలు ముక్కలుగానే తెలుసు. చెట్ల మొదళ్ళు రెండు వైపులా మీదికొచ్చాయి. వేళ్ళు మెట్లలా వచ్చి, ఒక్కో దాని మీద సైకిలు ఎగిరి పడినప్పుడల్లా పళ్ళు టకటకలాడాయి. ముందు బ్రేకు ముట్టలేదు. చేతులు బిగపట్టలేదు. వేగం నా చేతిలోంచి పోయింది, పోయాక మాత్రం సైకిలు తన దారి తాను చూసుకోవడం మొదలుపెట్టింది. నీలం పూలు రెండు పాయలుగా వెనక్కి పారుతున్నాయి. అంత భయంలోనూ అవి ఎంత బాగున్నాయో నాకు తెలుస్తూనే ఉంది. ఎందుకు తెలుస్తోందని నా మీద నాకే కోపం వచ్చింది. ఒక మలుపులో పొదలో పడ్డాను. దురదగొండిలా మండే ఆకులు ముఖానికి రాసుకున్నాయి. లేచి మళ్ళీ ఎక్కాను.

చెట్లు ఒక్కసారిగా అయిపోయాయి. ఎదురుగా బార్లీ చేను, దాని అవతల ఒక ఇల్లు. పొడుగు రబ్బరు బూట్లు వేసుకున్న రైతు ఒకాయన వాకిట్లో ట్రాక్టరు కడుగుతున్నాడు. ఇన్నేళ్ళు చదివిన ఇంగ్లీషంతా ఎటు పోయిందో. ఆడమనిషి, అడవి, పడింది, నడుము అన్నాను. ఆయన పైపు పడేసి లోపలికి పరుగెత్తాడు. ఇంటి ఫోనులో ఆ చోటు ఏ దారి నుంచి ఎంత లోపలో వివరంగా చెప్పి, దుప్పట్లు తెచ్చి, నన్ను పొలంలో తిరిగే నాలుగు చక్రాల బండి వెనుక ఎక్కించుకున్నాడు.

బావ చెప్పిన కథ

మేము తిరిగి పోయేసరికి బావ అలాగే ఉన్నాడు, అరచేతులు అక్కడే. ఆమెకు ఏదో చెబుతున్నాడు. రైతు దుప్పటి కప్పుతుంటే నేను విన్నాను.

"...వాన పడి చెట్టు తడిసింది. మోకు జారింది. కిందవడ్డ. అప్పుడు నాకు నొప్పి లేదు మేడం. ఆకాశం కనవడ్తుంది. మంచిగనే ఉన్న అనుకున్న. మా దోస్తులు ఉరికొచ్చిన్రు. ఇద్దరు చేతులు పట్టిన్రు, ఇద్దరు కాళ్ళు పట్టిన్రు. లేపి ఆటోల ఏసిన్రు. వాళ్ళు ఏడ్సుకుంటనే లేపిన్రు. ప్రేమతోనే లేపిన్రు. ఆ లేపుడుకే నా కాలు గింత పొట్టిదైంది. అందుకే నిన్ను లేపనిస్తలేను. ఎంతమందొచ్చినా లేపనియ్య."

ఆయన కింద పడ్డాడని నాకు తెలుసు. ఎలా పడ్డాడో, ఆ తర్వాత ఏమైందో మా ఇంట్లో ఎవరూ మాట్లాడగా వినలేదు. ఇన్నేళ్ళకు, ఇంత దూరంలో, ఇంకొకరికి చెబుతుంటే విన్నాను.

హెలెన్ కళ్ళు మూతలు పడుతున్నాయి. "తర్వాత?" అంది.

"కండ్లు తెరువు, చెప్త."

హెలికాప్టరు చప్పుడు ముందు చెట్ల ఆకుల్లో వినబడింది. కింద చెట్ల సందుల్లోంచి కనబడే ఆ బార్లీ చేను నడుమ దిగింది. పైరంతా గుండ్రంగా నేలకు పడుకుంది. నేను రైతు వైపు చూసి క్షమించమన్నాను. ఏ సంగతి అంటున్నానో ఆయనకు అర్థం కాలేదు. చేను చూపించాక, "ఓ, అదా," అని మళ్ళీ హెలెన్ వైపు తిరిగాడు.

నారింజ రంగు దుస్తుల్లో ఇద్దరు వచ్చారు. వాళ్ళలో ఒకామె బావ పక్కన మోకరిల్లి, ఇంకాసేపు అలాగే పట్టుకుని ఉండమంది. మెడకు పట్టీ కట్టాక, పలక మీదికి మార్చాక, "ఇక వదలండి" అంది. బావ వదలబోతే వేళ్ళు విప్పుకోలేదు. ఆమే ఒక్కొక్క వేలూ మెల్లగా విడదీసింది.

మోసుకుపోతుంటే హెలెన్ అంది, "కనకా, తర్వాత ఏమైంది?"

"ఏం గాలే మేడం. బతికిన."

హెలికాప్టరు లేచి కొండ అంచు దాటేదాకా నిలబడి చూశాం. ఆ మోత పోయాక, మళ్ళీ ఆ కనబడని పిట్ట పాట మొదలైంది. రైతు హెలెన్ సైకిలు తన కొట్టంలో పెట్టాడు. ఆమె కూతురికి ఇస్తానని మా నంబరు తీసుకున్నాడు. ఆయన భార్య పాలు ఎక్కువ పోసి చాయ్ ఇచ్చింది. బావ కప్పు పట్టుకోలేకపోయాడు. నేను పట్టుకుని తాగించాను.

కొండ వీపు మీద

మరునాడు వెనక్కి పోదామన్నాను. బావ సైకిలెక్కి తూర్పుకు తిప్పాడు.

పొగమంచు. చక్రం ముందు రెండు బారల మేర తెల్లదారి తప్ప ఏమీ లేదు. గొర్రెలు మంచులోంచి వచ్చి మంచులోకి పోతున్నాయి. కాపరి లేడు, కుక్క లేదు. ఎత్తు చివరికి చేరేసరికి గాలి వీచింది. మంచు ఒక పక్క నుంచి దుప్పటి లాగినట్టు పోయింది.

ఎడమ వైపు, ఎంతో కింద, దేశం దేశమే పరుచుకుని ఉంది. అడవులు, ఊళ్ళు, చర్చి గోపురాలు, ఆవపూల రంగు చేలు. కుడివైపు దూరంగా వెండిగీతలా సముద్రం. నడుమ ఆ కొండ వీపు మీద మేమిద్దరమే. సాంఘికశాస్త్రం పాఠంలో నేను ఎన్నిసార్లు ఇంగ్లండు అన్నానో. ఆ మాటకు అర్థం తెలియకుండానే అన్నాను.

బావ సైకిలు గడ్డిలో పడుకోబెట్టాడు.

"తాడి మీదికెంచి గిట్లనే కనవడ్తుండె శీనూ. పొద్దుగాల ఎక్కితే మా వరిమడ్లు, పక్కూరి బడి, రోడ్డు మీది బస్సు, అన్ని కాళ్ళ కింద. కిందవడ్డనాటి సంది మళ్ళ చూడలే."

"దుబాయిలో అంత ఎత్తు బిల్డింగులున్నాయి గదా బావా."

"వాటిని నేను ఎక్కలే. లిఫ్టు ఎక్కింది."

అని నవ్వాడు. ఆ రోజంతా దిగుడుల్లో నేను సైకిలు దిగలేదు. రెండుసార్లు పడ్డాను. రెండుసార్లూ బావ దూరం నుంచి, "నీ అంతట నువ్వే లెవ్వు, నేను రాను," అని కేకేశాడు. చెకుముకి రాయి ముక్క గుచ్చుకుని నా టైరు గాలి పోతే గొర్రెల నడుమ కూర్చుని పంక్చరు వేసుకున్నాం, మిగిలిన సకినాలు నములుతూ.

సముద్రం

నాలుగో రోజు చివరి అడవి దాటాక సైకిళ్ళు పోయే బాట లోపలికి తిరుగుతుంది. కొండ అంచు మీదికి మాత్రం నడిచే పోవాలి. సైకిళ్ళు కంచెకు కట్టేశాం.

"నువ్వు పోయి చూసిరా," అన్నాడు బావ.

"ఇంత దూరం వచ్చి?"

బావ కాసేపు ఆ గడ్డి ఎత్తు వైపు చూశాడు. నా భుజం మీద చెయ్యి వేశాడు. మెల్లగా, ఆగి ఆగి ఎక్కాం. ఆయన బరువు అడుగడుగునా నా భుజం మీద పడి లేస్తోంది. పక్క నుంచి పిల్లలు పరుగెత్తుతూ దాటిపోయారు.

సగం ఎత్తులో ఫోను మోగింది. హెలెన్ కూతురు. ఆపరేషన్ అయింది, ఎడమ కాలి వేళ్ళు కదిలిస్తోంది, నడవడానికి నెలలు పడుతుంది, కానీ నడుస్తుంది అంది. బావకు చెప్పాను. ఆయన తలూపి, ముఖం పక్కకు తిప్పుకుని, గడ్డిలో కూర్చున్నాడు. నేను నిలబడే ఉన్నాను. తర్వాత ఆయనే చెయ్యి చాపాడు, లేపాను.

అంచు దగ్గర నేల అయిపోయింది. గడ్డి అంచు దాకా వచ్చి, కత్తితో కోసినట్టు ఆగిపోయింది. అవతల ఒకదాని పక్కన ఒకటి కొండల ముఖాలు నిట్టనిలువుగా, తెల్లగా, సముద్రంలోకి దిగి ఉన్నాయి. ఎంత తెల్లగా అంటే ఎండకు కళ్ళు చికిలించాలి. కింద అలలు పాలు కలిసిన పచ్చరంగులో ఉన్నాయి. వాటి చప్పుడు మా దాకా రావడానికి కొంచెం సమయం పడుతోంది. ఫొటో తీయాలనిపించలేదు. బావ నా భుజం వదలలేదు.

అక్కకు వీడియో కాల్ చేశాను. ముందు మమ్మల్నిద్దరినీ చూసింది, బావ కాలు చూపించమంది. చూపించాక ఫోను సముద్రం వైపు తిప్పాను.

"వెనుక గా తెల్లటిది ఏంది తమ్మీ? సముద్రానికి గోడ కట్టిన్రా?"

"గోడ గాదే," అన్నాడు బావ. "గది భూమే. ఇన్నొద్దులు మేం తొక్కింది దాని వీపు మీదనే."

అక్క ఫోనుకు ముఖం దగ్గరగా తెచ్చుకుంది.

"ఫోను జర మీదికి లేపు, ఆ వీపు గూడ చూస్త," అంది.

లేపాను.